నేటి ఓమెరు చాలు: ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పుకునే అమ్మల కోసం ఒక ధ్యానం



ఈ వారం వీడియోలో నిర్గమకాండము 16వ అధ్యాయం ధ్యానించుకున్నాం. మన్నా గురించి. సమయం సరిపోక అందులో చెప్పలేకపోయిన ఒక భాగాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇది అందరి కోసమే అయినా, ముఖ్యంగా పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పుకుంటున్న తల్లుల కోసం. పక్కన బైబిల్ తెరిచి పెట్టుకుని చదివితే ఇంకా మేలు.

ముందుగా ఒక మాట. నేను పాస్టర్‌ని కాను, టీచర్‌ని కాను. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. నాకింకా పెళ్లి కూడా కాలేదు. మరి అమ్మలకు చెప్పడానికి నీకేం తెలుసు బాబూ అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. హైదరాబాద్‌లో మా అన్నయ్య వాళ్లింట్లో మా వదిన ఐదేళ్లకు పైగా పిల్లలిద్దరికీ ఇంట్లోనే చదువు చెప్తున్నారు. 2020 మార్చిలో బడులన్నీ మూసేసినప్పుడు పెద్దదానికి అక్షరాలు నేర్పడంతో మొదలైంది. బడులు తెరిచాక అన్నయ్య, వదిన ప్రార్థన చేసుకుని అలాగే కొనసాగించారు. ఇప్పుడు పెద్దదానికి తొమ్మిదేళ్లు, చిన్నోడికి ఆరు నిండాయి. శనివారాలు పెద్దదానికి లెక్కలు చెప్పేది నేనే. కాబట్టి బయట నుంచి చూసినవాడిగా కాదు, ఆ ఇంటి వంటగదిలో కూర్చుని టీ తాగుతూ చూసినవాడిగా రాస్తున్నాను.

అసలు భారం ఎక్కడుంది?

మొన్న జూన్‌లో బడులు తెరిచిన వారం. అపార్ట్‌మెంట్ కింద స్కూల్ బస్సులు, కొత్త యూనిఫాంలు, కొత్త బ్యాగులు. అదే వారం బంధువుల పెళ్లిలో ఒక పెద్దాయన చిన్నోణ్ణి దగ్గరికి పిలిచి, ఫంక్షన్ హాల్ బోర్డు చూపించి "ఏదీ, చదువు" అన్నారు. వాడు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. ఆయన నవ్వేసి వదిలేశారు. కానీ చుట్టూ ఉన్నవాళ్లు వదిన వైపు చూశారు. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ ఆ రాత్రే అనేసింది. అమ్మ రిటైరైన గవర్నమెంట్ టీచర్. "అమ్మాయ్, నలుగురు పిల్లల్లో పడితే వాడే నేర్చుకుంటాడు. ఇంకా ఎన్నాళ్లు ఇట్లా?" అన్నయ్య కూడా మెత్తబడ్డాడు. దసరా సెలవుల లోపు ఏదో ఒకటి తేల్చుకుందాం అన్నాడు.

తర్వాతి శనివారం లెక్కలు అయిపోయాక వదిన నన్ను అడిగారు. "ఆపేద్దామా బాబూ? నా వల్ల వాడి జీవితం పాడవుతుందేమో."

ఈ మాటలో రెండు భాగాలున్నాయి. "ఆపేద్దామా" అనేది నిర్ణయం. అది ఏ కుటుంబమైనా ఆలోచించుకుని తీసుకోవచ్చు. "నా వల్ల వాడి జీవితం" అనేది మాత్రం భారం. ఒక్క మనిషి భుజం మీద పన్నెండేళ్ల చదువు, పిల్లాడి ఉద్యోగం, పెళ్లి, భక్తి, భవిష్యత్తు అన్నీ ఒకేసారి పెట్టేసుకున్న భారం. దేవుడు ఆ భారం పెట్టాడా? ఆ ప్రశ్న పట్టుకునే మేం ఇద్దరం ఆ సాయంత్రం నిర్గమకాండము 16 చదివాం. అక్కడ మాకు దొరికినవే ఇవి.

1. ప్రశ్నతో మొదలైన ఆహారం (16:15)

ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి బయల్దేరి రెండో నెల పదిహేనో రోజున సీను అరణ్యానికి చేరారు. తెచ్చుకున్న తిండి అయిపోయింది, సణుగుడు మొదలైంది. మర్నాడు ఉదయం మంచు ఇంకిపోయాక నేల మీద సన్నగా ఏదో కనబడింది. ధనియాల గింజలా ఉంది, తెల్లగా ఉంది. వాళ్లు ఒకరినొకరు అడిగిన మొదటి మాట, ఇదేమిటి అని. ఆ ప్రశ్న నుంచే దానికి మన్నా అన్న పేరు వచ్చింది.

దేవుడు మోషే ద్వారా ఆ ప్రశ్నకు జవాబు ఇప్పించాడు. అడిగినందుకు ఎవరినీ గద్దించలేదు.

అమ్మలారా, మీ ఇంట్లో రోజుకు వంద సార్లు వినబడే మాట ఇదే కదా! ఇదేంటమ్మా, అదెందుకమ్మా. పప్పు ఉడుకుతుంటే కుక్కర్ ఎందుకు అరుస్తుంది, చంద్రుడు మనతోనే ఎందుకు వస్తున్నాడు, దేవుణ్ణి ఎవరు చేశారు. ఇవి పాఠానికి అడ్డు కావు, పాఠం అక్కడే మొదలవుతుంది. ముప్పై మంది ఉన్న తరగతిలో టీచర్ ఎంత మంచివారైనా ప్రతి పిల్లాడి ప్రశ్న దగ్గర ఆగలేరు. మీరు ఆగగలరు. ద్వితీయోపదేశకాండము 6:7 చూడండి. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు దేవుని మాటలు పిల్లలతో మాట్లాడమన్నాడు. ఆ నాలుగు సమయాల్లో ఒక్కదానికీ బ్లాక్ బోర్డు అక్కర్లేదు.

ఆచరణకు: ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి. వెంటనే జవాబు చెప్పలేని ప్రశ్నను పిల్లల ముందే దాని మీద రాయండి. వారంలో ఒక సాయంత్రం అందులో రెండు తీసుకుని కలిసి వెతకండి. అమ్మకు తెలియకపోతే ఏం చేస్తుందో పిల్లలు చూడటం కూడా చదువే.

2. ఎవరి గుడారానికి తగినంత వారికి (16:16-18)

ఇక్కడ దేవుడిచ్చిన ఆజ్ఞ చాలా స్పష్టంగా ఉంది. తలకు ఒక ఓమెరు, అదీ తమ గుడారంలో ఉన్నవాళ్ల లెక్క ప్రకారం. పక్క గుడారం లెక్క అడగలేదు. ఓమెరు అంటే ఏఫాలో పదో వంతు. మన లెక్కలో సుమారు రెండు లీటర్ల కొలత. కొందరు ఎక్కువ ఏరారు, కొందరు తక్కువ ఏరారు. కానీ కొలిచి చూస్తే ఎక్కువ ఏరినవాడికి మిగల్లేదు, తక్కువ ఏరినవాడికి తక్కువ కాలేదు.

ఇంటి చదువులో పెద్ద ఉరి ఏమిటంటే పోలిక. ఫోన్ తెరిస్తే ఎవరో ఒక తల్లి గదంతా మ్యాపులు, చార్టులు, చెక్క బొమ్మలతో అలంకరించి కనబడుతుంది. వాళ్ల ఐదేళ్ల పిల్ల కీర్తనలు అప్పజెప్తూ ఉంటుంది. మన ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ఒక పక్క ఉల్లిపాయలు, ఇంకో పక్క కాపీ పుస్తకం. చెల్లీ, ఆ తల్లిది ఆ గుడారం. మీది మీ గుడారం.

సుసన్నా వెస్లీ గురించి చాలామంది వినే ఉంటారు. జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీల తల్లి. 1669లో పుట్టి 1742లో ప్రభువులో నిద్రించారు. ఇంగ్లండ్‌లోని ఎప్‌వర్త్ అనే ఊళ్లో సొంత పిల్లలకు ఏళ్ల తరబడి ఇంట్లోనే చదువు చెప్పారు. పంతొమ్మిది మందిని కంటే తొమ్మిది మంది పసితనంలోనే చనిపోయారు. ఆమె పద్ధతి కచ్చితంగా ఉండేది. పిల్లకు ఐదేళ్లు నిండాక ఒక రోజు కేటాయించి అక్షరాలన్నీ నేర్పేవారు. మర్నాటి నుంచి ఆదికాండము మొదటి అధ్యాయంతో చదవడం మొదలు. తన పద్ధతి వివరిస్తూ 1732లో కొడుకు జాన్‌కు రాసిన ఉత్తరంలో ఒక చిన్న సంగతి ఉంది. కూతుళ్లలో ఇద్దరికి మాత్రం అక్షరాలు రావడానికి రోజున్నర పట్టిందట. అప్పుడు వాళ్లను మందమతులని అనుకున్నారట. తర్వాత చాలామంది పిల్లలకు ఎంతెంత కాలం పడుతోందో చూశాక ఆ అభిప్రాయం మార్చుకున్నారట. అంత కచ్చితమైన తల్లి కూడా పిల్లల్ని చూసి తన కొలత సరిచేసుకున్నారు. అదే మనకూ మాదిరి.

ఆచరణకు: చిన్నోడి చదువుని పెద్దదాని చదువుతో కొలవకండి, పక్కింటి పిల్లాడితో అసలే వద్దు. మూడు నెలల క్రితం వాడు ఎక్కడున్నాడో దానితో కొలవండి. ఆరేళ్ల పిల్లాడు చదవలేకపోతే తొందర పడక్కర్లేదు. కానీ వరసగా కొన్ని నెలలు రోజూ కూర్చోబెట్టినా అక్షరాలు గుర్తుండకపోతే, లేదా పుస్తకం బాగా దగ్గరగా పెట్టుకుంటుంటే, కళ్లు, చెవులు ఒకసారి డాక్టర్‌కు చూపించండి. ప్రార్థన చేయడం, పరీక్ష చేయించడం రెండూ విశ్వాసమే.

3. ఎండ ముదరక ముందే (16:21)

మన్నా ఉదయాన్నే ఏరుకోవాలి. ఎండ వేడెక్కితే కరిగిపోయేది. ఇది చదివాక వదిన నవ్వారు. "మధ్యాహ్నం మూడింటికి భాగహారాలు చెప్పబోతే జరిగేది ఇదే."

ఎన్ని గంటలు చెప్పాలి అనేది చాలామంది తల్లుల భయం. బడిలో ఎనిమిది గంటలు ఉంచుతున్నారు, నేను మూడు గంటలే చెప్తున్నాను అని. ఒక లెక్క చూద్దాం. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం 1 నుంచి 5 తరగతులకు సంవత్సరానికి కనీసం 200 పని దినాలు, 800 బోధన గంటలు ఉండాలని చెబుతుంది. అంటే రోజుకు నాలుగు గంటలు. అదీ ముప్పై మంది పిల్లలకు ఒక టీచర్ అనే లెక్క మీద. అందులో హాజరు పిలవడం, వరసలో నిలబెట్టడం, అందరూ రాసేవరకు ఆగడం కూడా కలిసే ఉంటాయి. ఇద్దరు పిల్లలతో ఎదురెదురుగా కూర్చున్న తల్లికి ఉదయం రెండున్నర, మూడు గంటలు గట్టి చదువు ఆ వయసుకు తక్కువేం కాదు.

మా వదిన ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి ఇది. తొమ్మిదింటికి ఒక వాక్యభాగం, ఒక పాట, ప్రార్థన. తొమ్మిదింబావుకు లెక్కలు. తర్వాత తెలుగు చదవడం, ఆ తర్వాత ఇంగ్లీషు. చిన్నోడికి ఏ పాఠమూ పావుగంట దాటదు, పెద్దదానికి అరగంట దాటదు. పాఠానికీ పాఠానికీ మధ్య మంచినీళ్లు, బాల్కనీలో మొక్కలు. పన్నెండు గంటలకు పుస్తకాలు మూసేస్తారు. మధ్యాహ్నం కథల పుస్తకం, బొమ్మలు గీయడం, వంటింట్లో సాయం. కప్పుల్తో బియ్యం కొలిచేటప్పుడు సగం, పావు నేర్చుకున్న పిల్లకు భిన్నాలు కొత్తగా అనిపించలేదని నా శనివారం క్లాసులో నేనే చూశాను.

చిన్న పిల్లల పాఠాలు ఇరవై నిమిషాలు దాటకూడదని, చదివింది పిల్లలు తమ మాటల్లో తిరిగి చెప్పాలని ఇంగ్లండ్‌కు చెందిన షార్లెట్ మేసన్ (1842-1923) వంద సంవత్సరాల క్రితమే బోధించారు. ఖర్చు లేని పద్ధతి ఇది. దావీదు గొల్యాతు కథ చదివి పుస్తకం మూసి, ఏమైందో నువ్వు చెప్పు నాన్నా అనండి. పిల్లవాడు చెప్పేదాన్ని బట్టి ఎంత అర్థమైందో మీకు తెలిసిపోతుంది. పరీక్ష పేపరు అక్కర్లేదు.

4. తెల్లారేదాకా దాచిపెట్టొద్దు (16:19-20)

కొందరు మోషే మాట వినకుండా రేపటికని మన్నా దాచుకున్నారు. పురుగు పట్టి కంపు కొట్టింది. దేవుడిచ్చిన మంచి ఆహారమే, కానీ ఈ రోజుది రేపటికి పనికిరాలేదు.

మనం రెండు రకాలుగా దాస్తాం. ఒకటి రేపటి భయం. చిన్నోడు చదవడం లేదు, మరి పదో తరగతి ఎలా, ఇంజనీరింగ్ ఎలా అని ఆరేళ్ల పిల్లాడి పక్కన పడుకుని రాత్రి రెండింటి దాకా ఆలోచించడం. రేపటి సంగతి రేపటికే వదలమని మత్తయి 6:34లో ప్రభువు చెప్పింది ఇలాంటి రాత్రుల గురించే. రెండోది నిన్నటి బాధ. పొద్దున కోప్పడ్డాను, వారం రోజులు జ్వరాలతో పాఠాలే జరగలేదు అని నిన్నటి పాచి మన్నాను ఈ ఉదయం టేబుల్ మీద పెట్టడం. కోప్పడి ఉంటే పిల్లల్ని దగ్గరికి తీసుకుని క్షమాపణ అడగండి. దేవుని దగ్గర ఒప్పుకోండి. అక్కడితో ఆ గిన్నె కడిగేయండి. ఆయన కృపలు ప్రతి ఉదయం కొత్తవే (విలాపవాక్యములు 3:22-23).

మా ఆఫీసులో మిగిలిపోయిన పనుల పట్టిక ఒకటి ఉంటుంది. దాన్ని బ్యాక్‌లాగ్ అంటాం. అందులో ఎప్పుడూ వందల పనులు ఉంటాయి. ఆ పట్టిక మొత్తం చూస్తూ కూర్చుంటే ఎవరూ ఒక్క పనీ చేయలేరు. అందుకే రెండు వారాలకు సరిపడినవి మాత్రమే బయటికి తీస్తాం. ఆ పట్టిక రాసింది భయపడటానికి కాదు, మర్చిపోకుండా ఉండటానికి. తప్పిన పాఠాలు కూడా అంతే. ఒక కాగితం మీద రాసి పెట్టండి, సోమవారం ఉన్నచోటి నుంచే మొదలుపెట్టండి.

సుసన్నా వెస్లీ ఇంటికి 1709లో నిప్పంటుకుంది. ఐదేళ్ల జాన్‌ను పై అంతస్తు కిటికీలోంచి బయటికి తీశారు. ఇల్లు మొత్తం కాలిపోయింది. పిల్లలు వేర్వేరు ఇళ్లలో సర్దుకోవాల్సి వచ్చింది. అంతకాలం కష్టపడి నేర్పిన అలవాట్లు పోయి కొత్త దుడుకుతనం అంటుకుంది. మళ్లీ అందరూ ఒక చోటికి చేరాక ఆమె మొదటి నుంచి మొదలుపెట్టారు. ఆ తర్వాతి కాలంలోనే వారానికో సాయంత్రం ఒక్కో బిడ్డతో విడిగా కూర్చుని వాళ్ల ఆత్మీయ స్థితి మాట్లాడటం అలవాటు చేసుకున్నారు. జాన్ వంతు గురువారం. పెద్దయ్యాక కూడా ఆ గురువారాలను ఆయన మర్చిపోలేదు. మీకు ఒక సంవత్సరం కాలిపోయిందని అనిపిస్తే, ఈ తల్లిని గుర్తు చేసుకోండి.

5. ఆరో రోజు రెండింతలు, ఏడో రోజు విశ్రాంతి (16:22-30)

ఆరో రోజు ఒక్కొక్కరికి రెండు ఓమెరులు దొరికాయి. వారమంతా దాస్తే పురుగు పట్టిన మన్నా ఆ ఒక్క రాత్రి మాత్రం చెడిపోలేదు. విశ్రాంతి కోసం దాచినది దేవుడే కాపాడాడు. అయినా కొందరు ఏడో రోజు కూడా గిన్నె పట్టుకుని వెళ్లారు, ఏమీ దొరక్క తిరిగొచ్చారు.

అమ్మలారా, మీరు ఏడో రోజు కూడా గిన్నె పట్టుకుని వెళ్తున్నారా? శనివారం సాయంత్రం అరగంట కూర్చుని వచ్చే వారానికి ఏ పుస్తకం ఏ పేజీ అన్నది ఒక పేజీలో రాసుకోండి. ప్రింట్లు తీయాల్సినవి తీయించుకోండి. ఆదివారం ఆరాధన, కుటుంబం, నిద్ర. ఆదివారం పాఠం వద్దు, పాఠాల గురించి దిగులూ వద్దు.

విశ్రాంతిలో ఇంకో భాగం, సహాయం తీసుకోవడం. మోషే పొద్దున్నుంచి సాయంత్రం వరకు ఒక్కడే కూర్చుని తీర్పులు తీరుస్తుంటే మామ యిత్రో వచ్చి, ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారు అన్న అర్థంలో హెచ్చరించాడు (నిర్గమ 18:17-18). మన్నా కురిసిన రెండు అధ్యాయాల తర్వాతే ఇది! దేవుడు ఆహారం కురిపించాడు, సహాయకుల్ని కూడా పెట్టుకోమన్నాడు. సహాయం అడగడం అవిశ్వాసం కాదు.

తిమోతి విశ్వాసం గురించి రాస్తూ పౌలు ఇద్దరు ఆడవాళ్ల పేర్లు చెప్పాడు. అవ్వ లోయి, తల్లి యునీకే (2 తిమోతి 1:5). తండ్రి గ్రీసు దేశస్థుడని మాత్రమే అపొస్తలుల కార్యములు 16:1లో ఉంది. భర్త తోడ్పాటు లేకుండా ఒంటరిగా చెప్పుకుంటున్న చెల్లెళ్లకు ఇది ధైర్యం. అత్తమామలు, అమ్మమ్మలు ఉన్నవాళ్లకు ఇది ఒక ఆలోచన కూడా. ఈ వాక్యం దగ్గర వదిన చాలాసేపు ఆగారు. మర్నాడు మా అమ్మకు ఫోన్ చేశారు. వాదించడానికి కాదు. "అత్తయ్యా, మీరు ముప్పై ఏళ్లు చెప్పారు కదా. చిన్నోడికి తెలుగు మీరు చెప్తారా?" అని అడిగారు. అవతల కాసేపు మాటలేదు. ఆ సోమవారం నుంచి రోజూ పదిన్నరకు గుంటూరు నుంచి వీడియో కాల్‌లో అమ్మ తరగతి నడుస్తోంది. అమ్మ అభిప్రాయం పూర్తిగా మారిందని చెప్పను. బడి మంచిదనే ఇప్పటికీ అంటుంది. కానీ "మీ పిల్లాడు" అనేది పోయి "మా విద్యార్థి" అనే మాట వచ్చింది.

నలుగురితో కలవరేమో అన్న ప్రశ్నకు కూడా జవాబు చేతల్లోనే ఉండాలి. సండే స్కూల్, సాయంత్రం కింద ఆటలు, వారానికోసారి ఇంకో ఇంటి పిల్లలతో కలిసి చదవడం, వేరే మతాల పిల్లలతో స్నేహం. గోడలు కట్టడానికి కాదు మనం ఇంట్లో చదివించేది.

6. తరతరాల కోసం ఒక పాత్ర (16:32-34)

దేవుడు ఒక ఓమెరు మన్నా పాత్రలో పెట్టి దాచమన్నాడు. రాబోయే తరాలు చూడాలని. దీన్ని నేను రికార్డు అంటాను. ఇంజనీర్ల భాషలో లాగ్ అంటాం. ఏ రోజు ఏం జరిగిందో రాసి లేకపోతే తర్వాత ఎంత తెలివైనవాడికైనా చెప్పడం కష్టం.

ఒక పెద్ద నోట్‌బుక్ కొనండి. తేదీ, చదివిన పాఠం, ఒక వాక్యంలో గమనిక, అంతే. నెలకు ఒకసారి పిల్లలు రాసిన ఒక పేజీ, గీసిన ఒక బొమ్మ తేదీ వేసి ఫైల్లో పెట్టండి. దీనివల్ల రెండు లాభాలు.

మొదటిది అధికారికం. మన దేశంలో ఇంటి చదువు కోసం ప్రత్యేకంగా ఒక చట్టం లేదు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని విద్యాహక్కు చట్టం చెబుతుంది. చేర్పించని తల్లిదండ్రులకు ఆ చట్టంలో శిక్ష మాత్రం పెట్టలేదు. ఈ విషయం తెలుసుకునే అడుగు వేయాలి. 14 ఏళ్లు నిండిన పిల్లలు 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్ ద్వారా పదో తరగతి పరీక్ష రాయొచ్చు. తెలుగు రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూల్ సొసైటీలు కూడా పది, ఇంటర్ పరీక్షలు నిర్వహిస్తాయి. అమెరికాలో ఉన్న మన తెలుగు అమ్మలకు రాష్ట్రాన్ని బట్టి నియమాలు మారతాయి. టెక్సస్‌లో ఇంటి బడిని ప్రైవేటు బడిగా లెక్కిస్తారు. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, గణితం, మంచి పౌరసత్వం చెప్పాలి. న్యూయార్క్‌లో అయితే ముందుగా జిల్లా అధికారులకు తెలియజేయాలి, ఏడాది ప్రణాళిక ఇవ్వాలి, మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి. మీరుండే చోటి నియమాలు ప్రస్తుతం ఎలా ఉన్నాయో మొదలుపెట్టే ముందే చూసుకోండి. లోబడవలసిన అధికారులకు లోబడటం కూడా మన సాక్ష్యంలో భాగం.

రెండో లాభం మీ కోసం. ఆ జూన్ వారంలో వదినకు నిజంగా ధైర్యం ఇచ్చింది నా మాటలు కాదు, పాత నోట్‌బుక్. పెద్దదానికి ఆరేళ్లున్నప్పటి పేజీలు తీసి చూశాం. గుణింతాల దగ్గర అదీ నెలల తరబడి ఆగిపోయిందని వదిన చేతిరాతే చెప్పింది. ఆ సంగతి ఆవిడకే గుర్తు లేదు! దేవుడు దాటించినవి మనం మర్చిపోతాం. అందుకే పాత్ర దాచమన్నాడు.

మన్నా ఆగిపోయే రోజు

ఇంత చెప్పాక ఒక జాగ్రత్త. ఇంటి చదువు మన రక్షణ కాదు. బడికి పంపే తల్లి తక్కువ విశ్వాసి కాదు. బడికి పంపుతూ రాత్రి పక్కన కూర్చుని వాక్యం చెప్పే తల్లి, చెల్లీ, ద్వితీయోపదేశకాండము 6కు పూర్తిగా లోబడుతోంది. మీ ఆరోగ్యం, ఇంటి ఆదాయం, బిడ్డ అవసరం మారితే నిర్ణయం మారొచ్చు. యెహోషువ 5:12లో ఒక విషయం ఉంది. ప్రజలు కనాను పంట తిన్న మర్నాటి నుంచి మన్నా ఆగిపోయింది. ఎవరూ తప్పు చేసినందుకు కాదు. దాని కాలం ముగిసింది, అంతే. దేవుడు పోషించడం మాత్రం ఆపలేదు, పోషించే విధానం మార్చాడు.

నలభై ఏళ్లలో, వారానికి ఆరు రోజుల చొప్పున లెక్కేస్తే, పన్నెండు వేలకు పైగా ఉదయాలు మన్నా కురిసింది. ఒక్క ఉదయం కూడా రెండు ఉదయాల పని అడగలేదు, విశ్రాంతి కోసమైతే తప్ప.

అన్నయ్య, వదిన దసరాకు ఒక మాట అనుకున్నారు. ప్రతి ఏడాది ఏప్రిల్‌లో ప్రార్థన చేసి, నోట్‌బుక్ ముందు పెట్టుకుని, వచ్చే ఒక్క సంవత్సరానికే నిర్ణయం తీసుకోవాలి. ఏడ్చిన రాత్రి, ఎవరో ఏదో అన్న రాత్రి నిర్ణయం తీసుకోకూడదు. ఈ ఏడాది కొనసాగిస్తున్నారు. చిన్నోడు ఒత్తులు లేని మాటలు కూడబలుక్కుని చదువుతున్నాడు. ఒత్తులు వస్తే ఇంకా ఆగుతాడు. గుంటూరులో వాడి టీచరమ్మ ఓపిగ్గా ఎదురుచూస్తుంది.

ఈ వారం మీరు చేయగలిగినవి

1. నిర్గమకాండము 16 మొత్తం పిల్లలతో కలిసి చదవండి. వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించండి. రెండు లీటర్ల నీళ్లు కొలిచి ఓమెరు ఎంతో చూపించండి.
2. రేపటి పాఠాలు మూడే రాసుకోండి. వాక్యం, లెక్కలు, చదవడం. అవి అయితే రోజు అయినట్టే.
3. ఒక్క మనిషిని సహాయం అడగండి. భర్త, అత్తగారు, తమ్ముడు, సంఘంలో ఒక అక్క, ఎవరైనా సరే. "ఏమైనా చేయండి" అనకుండా "మంగళవారం అరగంట లెక్కలు చెప్పండి" అని స్పష్టంగా అడగండి.
4. ఒక బిడ్డతో పావుగంట విడిగా కూర్చోండి. పాఠం వద్దు, వినండి చాలు.

ప్రార్థన చేసుకుందాం.

పరలోకమందున్న మా తండ్రీ, ఈ ఉదయానికి సరిపడిన బలం మా అమ్మలకు దయచేయండి. నిన్నటి బాధ, రేపటి భయం వారి చేతుల్లోంచి మీరే తీసుకోండి. వారి గుడారంలో ఉన్న ఒక్కొక్క బిడ్డను మీరు పేరు పెట్టి ఎరుగుదురు. ఆలస్యంగా నేర్చుకునే బిడ్డల తల్లులకు ఓర్పు ఇవ్వండి. ఒంటరిగా చెప్పుకుంటున్న తల్లులకు ఒక తోడును పంపండి. వారు కొలిచి చూసుకున్నప్పుడు ఎవరికీ తక్కువ కాలేదని సాక్ష్యం చెప్పే కృప దయచేయమని యేసు నామంలో వేడుకుంటున్నాము తండ్రీ. ఆమేన్.